ధర్మబోధలో ప్రశ్న: యజ్ఞశాల నుంచి రమణాశ్రమం దాకా

భారతదేశంలో ధర్మబోధ చాలావరకు ప్రశ్నల మీదే సాగింది. ఉపనిషత్తులు, బౌద్ధ సూత్రాలు, జైన ఆగమాలు, పురాణాలు ఎక్కువగా ఎవరో అడగగా ఎవరో చెప్పినవే. అయితే అడిగిన తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్నిచోట్ల తెలియనివాడు తెలుసుకోవాలని అడిగాడు. కొన్నిచోట్ల గురువే శిష్యుడి చేత ఆలోచింపజేయడానికి అడిగాడు. మరికొన్నిచోట్ల ప్రశ్న, జవాబు రెండూ ముందే సిద్ధంగా ఉండేవి, శిష్యుడు వాటిని వల్లె వేస్తే చాలు. ఈ మూడు పద్ధతులూ వేర్వేరు అవసరాల కోసం పుట్టినా ఒకే సంప్రదాయంలో పక్కపక్కనే సాగాయి. సజీవంగా పుట్టిన ప్రశ్న కాలక్రమంలో వల్లెవేతగా గట్టిపడటం, ఆ తర్వాత మరో బోధకుడు దాన్ని మళ్లీ కదిలించడం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

యజ్ఞశాలలో ప్రశ్న

వేదకాలపు యజ్ఞాల్లో బ్రహ్మోద్యం అనే తంతు ఉండేది. అశ్వమేధం వంటి పెద్ద క్రతువుల్లో ఋత్విక్కులు ఒకరినొకరు పొడుపుకథల వంటి ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకొనేవారు. శుక్ల యజుర్వేద సంహిత 23వ అధ్యాయంలో ఇవి ఉన్నాయి. సూర్యచంద్రుల గురించి, భూమి గురించి, యజ్ఞవేదిక గురించి అడిగే ఆ ప్రశ్నలకు జవాబులు ఇరుపక్షాలకూ తెలిసినవే. ఇక్కడ ప్రశ్న ఋత్విక్కుకు తన విద్య మీద ఎంత పట్టుందో సభలో నిరూపించే సాధనం. ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తం మరో దారి పట్టింది. దీర్ఘతమసుడి పేరుతో ఉన్న ఆ సూక్తంలో చాలా ప్రశ్నలకు జవాబు ఉండదు, దాన్ని విన్నవాడే వెతుక్కోవాలి.

ఉపనిషత్తుల్లో శిష్యుడి ప్రశ్న

ఉపనిషత్తుల కాలానికి ప్రశ్న యజ్ఞశాల దాటి గురువు ఇంటికి చేరింది. అథర్వవేదానికి చెందిన ప్రశ్నోపనిషత్తు నిర్మాణమంతా ప్రశ్నల మీదే నిలిచింది. సుకేశుడు, సత్యకాముడు, గార్గ్యుడు, కౌసల్యుడు, భార్గవుడు, కబంధి అనే ఆరుగురు సమిధలు చేతపట్టుకుని పిప్పలాదుడి దగ్గరకు వెళ్తారు. ఆయన వెంటనే పాఠం మొదలుపెట్టడు. తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఒక ఏడాది ఉండమని, ఆ తర్వాత అడగాలనుకున్నవి అడగమని, తనకు తెలిస్తే చెబుతానని అంటాడు. ఏడాది గడిచాక కబంధి మొదటి ప్రశ్న వేస్తాడు: ఈ జీవులన్నీ ఎక్కడి నుంచి పుడుతున్నాయి? అక్కడి నుంచి ఒక్కొక్కరి ప్రశ్న ప్రాణం, నిద్ర, ఓంకార ధ్యానం మీదుగా లోలోపలికి వెళ్తుంది. చివరగా అడిగిన సుకేశుడు, ఇదే ప్రశ్న ఒకప్పుడు కోసల రాజకుమారుడు తనను అడిగితే తెలియదని చెప్పి పంపానని ఒప్పుకుంటాడు. తెలియదన్న మాట ఆ కథలో అవమానం కాలేదు, సరైన గురువు దగ్గరకు దారి తీసింది.

ఛాందోగ్యం ఆరో అధ్యాయంలో అడిగేవాడు గురువు. శ్వేతకేతువు పన్నెండేళ్లు చదివి, ఇరవై నాలుగేళ్ల వయసులో, అంతా వచ్చునన్న ధీమాతో ఇంటికి వస్తాడు. తండ్రి ఉద్దాలకుడు ఆ చదువును తప్పుపట్టడు. ఏది తెలిస్తే విననిది విన్నట్టవుతుందో దాన్ని గురువును అడిగావా అని మాత్రం అంటాడు. ఆ ఒక్క ప్రశ్నతో కొడుకు మళ్లీ విద్యార్థి అవుతాడు. తర్వాతి పాఠాలన్నీ చేయించి అడిగేవే. మర్రిపండు తెమ్మని, దాన్ని విరిచి ఏం కనిపిస్తోందో చెప్పమంటాడు. గింజలు. ఒక గింజను విరవమంటాడు. ఇప్పుడు ఏం కనిపిస్తోంది? ఏమీ లేదు. ఆ కనిపించని సూక్ష్మం నుంచే ఇంత మర్రిచెట్టు నిలిచిందని అప్పుడు చెబుతాడు. నీటిలో ఉప్పు వేయించి, మర్నాడు పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి రుచి చూడమంటాడు. పదిహేను రోజులు అన్నం మానేసి నీళ్లతో ఉండమని, ఆపైన వేదం చెప్పమంటాడు. గుర్తు రావడం లేదని కొడుకు అన్నాకే మనసుకూ అన్నానికీ ఉన్న సంబంధం వివరిస్తాడు. ప్రతిచోటా ముందు అనుభవం, తర్వాత ప్రశ్న, ఆ తర్వాతే సిద్ధాంతం.

అదే ఉపనిషత్తులోని ఎనిమిదో అధ్యాయం అడగడం మానేస్తే ఏమవుతుందో చూపిస్తుంది. ప్రజాపతి దగ్గర ఇంద్రుడు, విరోచనుడు 32 ఏళ్లు ఉంటారు. నీటిలో కనిపించే ప్రతిబింబమే ఆత్మ అన్నట్టు అర్థమైన మొదటి పాఠంతో విరోచనుడు తృప్తిపడి వెళ్లిపోతాడు. ఇంద్రుడికి దారిలో అనుమానం వస్తుంది: దేహం గుడ్డిదైతే ఈ ఆత్మ కూడా గుడ్డిదవుతుంది కదా! వెనక్కి వచ్చి మళ్లీ అడుగుతాడు. ఇలా మొత్తం 101 ఏళ్లు గడిచాక అసలు బోధ అందుతుంది. వచ్చిన ప్రతిసారీ ప్రజాపతి ఆ సందేహం సరైనదేనని ఒప్పుకోవడం ఈ కథలో గమనించదగిన సంగతి.

ప్రశ్నకు హద్దులు కూడా ఈ కాలంలోనే ఏర్పడ్డాయి. బృహదారణ్యకంలో జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ని వరసగా ఎందరో ప్రశ్నిస్తారు. చనిపోయాక మనిషి ఏమవుతాడని ఆర్తభాగుడు అడిగితే, ఇది సభలో మాట్లాడుకునేది కాదని చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్తాడు. గార్గి ఒకదాని వెనక ఒకటిగా లోకాలన్నీ దేనిలో అల్లుకుని ఉన్నాయని అడుగుతూ బ్రహ్మలోకం దాకా వెళ్తే, మితిమీరి అడగవద్దని హెచ్చరిస్తాడు. ఆమె అప్పటికి ఆగినా, తర్వాత సభ అనుమతితో మరో రెండు ప్రశ్నలు వేసి జవాబు రాబడుతుంది. శిష్యుడిగా చేరడానికి కూడా ఒక ప్రశ్న దాటాలి. నీ గోత్రమేమిటని గౌతముడు అడిగితే, తెలియదని తల్లి చెప్పిన మాటనే సత్యకామ జాబాలుడు దాచకుండా చెబుతాడు. ఆ నిజాయితీనే అర్హతగా తీసుకుని గురువు చేర్చుకుంటాడు. తర్వాతి ధర్మశాస్త్రాల కాలంలో ఆ ఉదారత నిలవలేదు. స్త్రీలకు, శూద్రులకు వేదం వినే హక్కే లేదన్నప్పుడు అడిగే హక్కు ప్రసక్తే లేకపోయింది.

బుద్ధుడు చేసిన వర్గీకరణ

ప్రశ్నలన్నిటికీ ఒకే తీరులో జవాబు చెప్పకూడదని స్పష్టంగా సూత్రీకరించినవి బౌద్ధ గ్రంథాలు. అంగుత్తర నికాయం ప్రశ్నలను నాలుగు రకాలుగా విడదీసింది. సూటిగా అవునో కాదో చెప్పదగినవి ఒక రకం. విడదీసి, ఏ అర్థంలో అవునో ఏ అర్థంలో కాదో చెప్పవలసినవి రెండో రకం. ఎదురు ప్రశ్న వేసి తేల్చవలసినవి మూడో రకం. పక్కన పెట్టవలసినవి నాలుగో రకం. రూపం అనిత్యమా అంటే సూటి జవాబు ఉంది. లోకం శాశ్వతమా అన్నది పక్కన పెట్టవలసిన ప్రశ్న. ఏ ప్రశ్నకు ఏ తీరులో జవాబివ్వాలో తెలియనివాడు ధర్మచర్చకు తగడని కూడా అదే నికాయం అంటుంది.

బుద్ధుడి బోధలో ఎక్కువగా కనిపించేది మూడో పద్ధతి. సోణుడు అనే భిక్షువు నెత్తురు కారేదాకా నడక ధ్యానం చేసి, ఫలితం లేక, ఇల్లు చేరదామనుకుంటాడు. బుద్ధుడు అతణ్ని ఓదార్చడు, మందలించడు. గృహస్థుగా ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా, తీగలు బాగా బిగిస్తే పలికేదా అని అడుగుతాడు. వదులుగా ఉంటే పలికేదా? రెండూ కాక సమంగా ఉంటే? మూడు జవాబులూ సోణుడికి తెలిసినవే. తన అనుభవం నుంచే మధ్యమ మార్గం అతడికి దొరుకుతుంది. కేసపుత్తంలోని కాలాములు ఒక్కో గురువు ఒక్కోటి చెబుతున్నాడు, ఎవరిని నమ్మాలని అడిగినప్పుడూ ఇదే తీరు. లోభం మనిషికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని వారినే అడిగి, తర్వాత ద్వేషం, మోహం గురించి అడిగి, వారి నోటనే నిర్ణయం చెప్పిస్తాడు.

అభయ రాజకుమారుడి కథ చిక్కుముడి ప్రశ్నను విప్పే పద్ధతికి ఉదాహరణ. ఇతరులకు నొప్పి కలిగించే మాట తథాగతుడు అంటాడా అని అతడు అడుగుతాడు. అవునన్నా కాదన్నా ఇరుక్కునేలా కూర్చిన ప్రశ్న అది. బుద్ధుడు అతడి ఒళ్లో ఉన్న పసివాణ్ని చూపి, వీడు పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని అడుగుతాడు. నెత్తురు వచ్చినా సరే, జాలితో బయటికి తీస్తానంటాడు అభయుడు. ప్రశ్నకు జవాబు అందులోనే వచ్చేసింది.

జైన సంప్రదాయంలో విడదీసి చెప్పే పద్ధతికి మరింత విస్తృతి వచ్చింది. భగవతీ సూత్రంగా పేరుపడ్డ వ్యాఖ్యాప్రజ్ఞప్తి చాలావరకు ఇంద్రభూతి గౌతముడి ప్రశ్నలు, మహావీరుడి జవాబులతో సాగుతుంది. అందులో 36,000 ప్రశ్నలు ఉండేవని సంప్రదాయం. కౌశాంబికి చెందిన జయంతి అనే శ్రావిక, నిద్రపోవడం మంచిదా మేల్కొని ఉండటం మంచిదా అని అడుగుతుంది. అధర్మపరులు నిద్రపోతేనే లోకానికి మేలు, ధర్మపరులు మేల్కొని ఉంటేనే మేలు అని జవాబు. ఒకే ప్రశ్నకు దృష్టిని బట్టి జవాబు మారుతుందన్న అనేకాంతవాదానికి ఇలాంటి సంభాషణలే పునాది.

వల్లెవేత, వాదం

సంఘం పెరిగి, చిన్నపిల్లలు కూడా శ్రామణేరులుగా చేరుతున్నప్పుడు సిద్ధాంతాన్ని క్లుప్తంగా గుర్తుపెట్టించే అవసరం వచ్చింది. ఖుద్దకపాఠంలోని కుమార ప్రశ్నలు అందుకు పనికొచ్చాయి. ఒకటి ఏది, రెండు ఏవి అంటూ పది దాకా సాగే పది ప్రశ్నలు అవి. ఆహారం మీద బతికే సమస్త జీవులతో మొదలై, నామరూపాలు, మూడు వేదనలు, నాలుగు ఆర్యసత్యాలు, పంచస్కంధాల మీదుగా పది లక్షణాలు గల అర్హతుడితో ముగుస్తాయి. ఏడేళ్ల సోపాకుణ్ని బుద్ధుడు ఈ ప్రశ్నలే అడిగాడని వ్యాఖ్యానం చెబుతుంది. పిల్లల కోసం అంకెల వరసలో కూర్చిన మతపాఠానికి ఇది చాలా పాత నమూనా.

మరోవైపు ప్రశ్న పదునైన వాదంగా మారింది. అశోకుడి కాలంలో పాటలీపుత్ర సంగీతి సందర్భంగా మొగ్గలిపుత్త తిస్సుడు కూర్చాడని చెప్పే కథావత్థు రెండు వందలకు పైగా వివాదాంశాలను ప్రశ్నోత్తరాలుగా చర్చిస్తుంది. ప్రత్యర్థి చేత ఒక మాట ఒప్పించి, దాన్నుంచి తప్పించుకోలేని మరో ప్రశ్న వేయడం దాని పద్ధతి. ఈ గ్రంథానికి ఆంధ్రదేశంతో నేరుగా సంబంధం ఉంది. దాని పాళీ వ్యాఖ్యానం చాలా వాదాలను అంధకులవిగా గుర్తించి, పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక శాఖలను ఆ పేరు కింద చేర్చింది. ఇక్ష్వాకుల కాలపు నాగార్జునకొండ శాసనాల్లో అపరమహావినసేలియుల పేరు కనిపిస్తుంది. కృష్ణా లోయలోని విహారాల్లో ఎలాంటి ప్రశ్నల మీద చర్చలు సాగాయో తెలుసుకోవడానికి ఈ వాదగ్రంథం ఒక ఆధారం.

మిలింద ప్రశ్నలు అనే గ్రంథం వాదానికీ బోధకూ మధ్య నిలిచింది. క్రీ.పూ. 2వ శతాబ్దానికి చెందిన యవన రాజు మినాండరే అందులోని మిలిందుడు. సాగల నగరంలో అతడు నాగసేనుణ్ని చర్చకు పిలిచినప్పుడు, పండితుల్లా మాట్లాడితే సరే, రాజుల్లా అయితే వద్దని నాగసేనుడు షరతు పెడతాడు. పండితులు తప్పు చూపినా కోపగించుకోరు, రాజులు తమ మాట కాదన్నవాణ్ని శిక్షిస్తారు. అడిగేవాడు, చెప్పేవాడు ఒకే మెట్టు మీద ఉంటేనే ప్రశ్న పనిచేస్తుందన్న గుర్తింపు ఇది. అదే గ్రంథంలో రాజు ఎక్కి వచ్చిన రథం మీదే నాగసేనుడు ప్రశ్నలు వేస్తాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? నొగ రథమా? భాగాల్లో ఏదీ రథం కాదని రాజే ఒప్పుకున్నాక, మనిషి విషయంలోనూ అంతేనంటాడు.

మీమాంసకులు సందేహానికి పాఠ్యక్రమంలోనే చోటిచ్చారు. ఒక అంశం మీద సాగే చర్చను వారు అధికరణం అన్నారు, దానికి ఐదు అంగాలు: విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి. ప్రత్యర్థి వాదాన్ని అతడికంటే బలంగా చెప్పగలిగితేనే సిద్ధాంతానికి విలువ. విజయనగర కాలంలో మాధవాచార్యుడు రాసిన జైమినీయ న్యాయమాల ఈ అధికరణాలను శ్లోకాల్లోకి కుదించి విద్యార్థులకు అందించింది. శంకరాచార్యుల ఉపదేశసాహస్రి గద్యభాగం గురువుకు బోధించే పద్ధతిని నేర్పుతుంది. శిష్యుణ్ని మొదట నువ్వెవరివని అడగాలి. ఫలానా వంశంలో పుట్టిన బ్రాహ్మణుణ్నని అతడు చెబుతాడు. చనిపోయాక ఈ దేహం ఇక్కడే మట్టి అవుతుంది కదా, సంసారాన్ని ఎలా దాటుతావని గురువు మళ్లీ అడుగుతాడు. శిష్యుడు ఏది తాననుకుంటున్నాడో మొదటి ప్రశ్నతో బయటపడుతుంది. పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.

పురాణం వినేవారి కోసం

శాస్త్రం చదవని జనానికి ధర్మం చేర్చింది పురాణ ప్రవచనం. అక్కడ శ్రోత తరఫున అడిగేవాడు కథలోనే ఉంటాడు. నైమిశారణ్యంలో శౌనకాదులు సూతుణ్ని అడుగుతారు. ఏడు రోజుల్లో చావు ఉందని తెలిసిన పరీక్షిత్తు, చనిపోబోయేవాడు ఏం చేయాలని శుకుణ్ని అడుగుతాడు. వినేవారి మనసులోని ప్రశ్నను పాత్ర ముందే అడిగేయడం వల్ల కథ వారిదవుతుంది. ఇస్లాంలోనూ ఇలాంటి పద్ధతి ఉంది. జిబ్రీల్ హదీసులో ఒక అపరిచితుడు ప్రవక్తను ఇస్లాం అంటే ఏమిటి, ఈమాన్ అంటే ఏమిటి, ఇహ్సాన్ అంటే ఏమిటని వరసగా అడుగుతాడు. అతడు వెళ్లాక, మీకు మతం నేర్పడానికి వచ్చిన జిబ్రీలు అతడని ప్రవక్త సహచరులకు చెబుతాడు. అంటే తెలిసినవాడే వినేవారి కోసం అడిగాడన్నమాట.

మహాభారతం అరణ్యపర్వం చివర యక్షుడు ధర్మరాజుకు వేసిన ప్రశ్నలు తెలుగువారికి ఎర్రన అనువాదం ద్వారా, ఆపైన పురాణ కాలక్షేపాల ద్వారా చేరాయి. తెగని చిక్కు ప్రశ్నలను యక్షప్రశ్నలనడం వాడుక అయింది. ప్రశ్నోత్తర రత్నమాలిక అనే చిన్న సంస్కృత గ్రంథం నీతిని పొట్టి ప్రశ్నలు, పొట్టి జవాబులుగా కూర్చింది. దాన్ని కొందరు శంకరాచార్యులదని, కొందరు రాష్ట్రకూట అమోఘవర్షుడిదని, మరికొందరు విమలుడిదని అంటారు. ఒక మతానికి చెందని రూపం కాబట్టే అన్ని సంప్రదాయాలూ దాన్ని తమదనుకున్నాయి. తెలుగులో పరశురామపంతుల లింగమూర్తి సీతారామాంజనేయ సంవాదంలో హనుమంతుణ్ని శిష్యుడిగా నిలిపి వేదాంతాన్ని పద్యాల్లో చెప్పాడు.

హాలే నుంచి వచ్చిన ప్రశ్నోత్తరి

18వ శతాబ్దంలో తెలుగుకు మరో ప్రశ్నోత్తర సంప్రదాయం చేరింది. 1528లో సాక్సనీ గ్రామాల్లో చర్చిలను పరిశీలించిన మార్టిన్ లూథర్, పది ఆజ్ఞలు కూడా రాని జనాన్ని, బోధించలేని పాస్టర్లను చూసి, 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాశాడు. ఒక్కో ఆజ్ఞ, విశ్వాస ప్రమాణంలోని ఒక్కో భాగం, ప్రభువు ప్రార్థనలోని ఒక్కో మనవి చెప్పాక, దీని అర్థమేమిటన్న ప్రశ్న వస్తుంది. ముందు మాటలు మార్చకుండా కంఠస్థం చేయించాలి, తర్వాత అర్థం చెప్పాలి, ఆ తర్వాతే విస్తరించాలి అని ముందుమాటలో క్రమం ఇచ్చాడు. 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 129 ప్రశ్నలను ఏడాదిలోని 52 ఆదివారాలకు పంచింది.

1719లో తరంగంబాడి చేరిన జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్, తర్వాత మద్రాసుకు మారి తెలుగు నేర్చుకున్నాడు. బైబిలును తెలుగులోకి అనువదించినా అది అచ్చు కాలేదు. 1743లో స్వదేశానికి తిరిగి వెళ్లాక, హాలే నగరంలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి తెలుగు అనువాదాన్ని 1746లో అచ్చు వేయించాడు. తెలుగు అక్షరాల్లో అచ్చయిన తొలి పుస్తకాల్లో అది ఒకటి. 19వ శతాబ్దంలో నెల్లూరు, మచిలీపట్నం, గుంటూరుల్లో మిషన్లు స్థిరపడ్డాక, ప్రశ్నోత్తరి పల్లెల్లో ఉపదేశి చేతిలో పనిముట్టు అయింది. చదవడం రానివారికి చెవి ద్వారా పాఠం అందించడానికి, బాప్తిస్మానికి ముందు పరీక్షించడానికి అది వీలుగా ఉండేది. ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో 1780లో రాబర్ట్ రైక్స్ మొదలుపెట్టిన సండే స్కూలు పద్ధతి కూడా మిషన్లతోనే వచ్చింది. అక్షరాలు, బైబిలు కథ, ప్రశ్నలు అందులో కలిసి సాగాయి. అడగబడే హక్కు లేని కులాల పిల్లలను కూర్చోబెట్టి ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుచూడటం ఆ రోజుల్లో కొత్త సంగతి. జవాబు మాత్రం పుస్తకంలోదే కావాలి, పిల్లవాడి సొంత సందేహానికి అందులో చోటు తక్కువ.

ఆధునిక కాలం

ప్రశ్నోత్తర రూపాన్ని 19వ శతాబ్దపు సంస్కర్తలు వాదానికి వాడుకున్నారు. దయానంద సరస్వతి 1875లో వెలువరించిన సత్యార్థ ప్రకాశంలో చాలా భాగం ప్రశ్న, ఉత్తరంగా నడుస్తుంది. పాత పూర్వపక్ష పద్ధతే జనభాషలోకి, అచ్చులోకి వచ్చింది.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి తిరువణ్ణామలైలో తెరుచుకుంది. 1902 ప్రాంతంలో శివప్రకాశం పిళ్లె నేనెవరిని అన్న ప్రశ్నతో మొదలుపెట్టి రమణ మహర్షిని అడిగినప్పుడు, మౌనంలో ఉన్న మహర్షి జవాబులు రాసి చూపాడు. అవే తర్వాత నేనెవడను అన్న చిన్న పుస్తకమయ్యాయి. 1907 నవంబరులో బొబ్బిలి ప్రాంతపు కలువరాయి అగ్రహారానికి చెందిన కావ్యకంఠ గణపతి ముని, శాస్త్రాలు చదివినా తపస్సంటే ఏమిటో తెలియలేదని అడిగాడు. ఆయన, ఇతర శిష్యులు తర్వాతి ఏళ్లలో అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు రమణగీతగా కూర్చబడ్డాయి. ఏ సందేహం వచ్చినా అది ఎవరికి వచ్చిందని తిరిగి అడగడం మహర్షి పద్ధతి. బౌద్ధుల ఎదురు ప్రశ్న, శంకరుల నువ్వెవరివన్న తొలి ప్రశ్న ఇక్కడ ఒకటైపోయి, ప్రశ్నే సాధన అయింది. ఆశ్రమానికి వచ్చిన మామూలు మనుషులు ఏం అడిగారో, ఏం విన్నారో సూరి నాగమ్మ 1945 నుంచి తెలుగులో ఉత్తరాలుగా రాసి పెట్టారు. అన్నం గురించి, ఇంటి బాధల గురించి, జపం గురించి అడిగినవి కూడా వాటిలో ఉన్నాయి.

ఇంత పొడవైన చరిత్రలో నిలిచిన బోధకులు ప్రశ్నను మూడు విధాల తూచారు. అడిగేవాడు దేనికోసం అడుగుతున్నాడో ముందు చూశారు. అడిగినవాడి అనుభవంలో ఇప్పటికే ఉన్నదేమిటో వెతికి, వీణ తీగనో మర్రిగింజనో పట్టుకున్నారు. జవాబు చెప్పడం కంటే వెనక్కి అడగడం, అడగడం కంటే ఊరుకోవడం మేలయ్యే సమయాన్ని గుర్తించారు. కంఠస్థ ప్రశ్నోత్తరులు కూడా వ్యర్థం కావు. పుస్తకం లేని చోట, చదువు లేని చోట సిద్ధాంతాన్ని తరం నుంచి తరానికి మోసినవి అవే. లూథర్ చెప్పిన మూడు మెట్లలో మొదటి మెట్టు దగ్గరే బోధ ఆగిపోయినప్పుడు మాత్రం శిష్యుడు విరోచనుడిలా జవాబు తీసుకుని వెళ్లిపోయాడు, సందేహంతో తిరిగి రాలేదు.